మారెక్క జడ్డిగం

అనంతపురం పాతూరు బజారులో నాగేశ్వరయ్యగారి శెనక్కాయల మండీ మూతపడి ఆరేళ్లయింది. మూతపడిన మండీని చూడడానికి ఎవరు వస్తారు? అయినా రెండువేల ఏడు ఎండాకాలంలో ఆ మిద్దె ఎక్కి చూసిపోయినంతమంది, మండీ బాగా నడిచిన రోజుల్లో కూడా ఎక్కి ఉండరు.

చూడడానికి వాళ్లు వచ్చింది ఇంటిని. ఒకప్పుడు మూటలు పేర్చిన మిద్దెను కొడుకు భరత్‌కుమార్ ఇల్లుగా మార్చాడు. భరత్‌కు తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. బెంగుళూరు నుంచి వచ్చే కొనుగోలుదారులకు, తన బండ పరిస్తే ఇల్లు ఎట్లా ఉంటుందో కళ్లారా చూపించాలని అతని ఆలోచన. ఇల్లు ఎట్లా ఉండాలో ఆలోచించింది మాత్రం కోడలు లావణ్య. ఆమె బెంగుళూరులో ఆ చదువే చదువుకుంది. ఆ ఇంటికి పేరు కూడా ఆమే పెట్టింది, లాఫ్ట్ అని; పాత గిడ్డంగిని ఇల్లు చేస్తే అట్లా అంటారట. బజారులో వాళ్లకు ఆ మాట నోరు తిరగక "శెట్టిగారి కొత్త మిద్దె" అన్నారు.

గోడలు అడ్డం లేకుండా మిద్దె అంతా ఒకటే హాలు. గోడల మీది పాత గార గీకేస్తే ఎర్రటి ఇటుకలు బయటపడ్డాయి. వాటిని అట్లాగే వదిలారు. ముత్తాత కాలం టేకు దూలాలకు నూనె పెట్టి రుద్దితే తేనె రంగు తేలాయి. మూటలు పైకి లాగిన ఇనుప కప్పీ కిటికీ దగ్గర అలాగే వేలాడుతోంది, దాని కింద మెత్తటి సోఫా. కింద నల్లబండ, అడుగు పెడితే నీడ కనిపిస్తుంది. ఓ మూల వంటగది, ఇంకో మూల అద్దాల స్నానాల గది, రెండు ఏసీలు. వచ్చినవాళ్లందరూ చివరకు భోజనాల బల్ల దగ్గర ఆగేవారు. బల్ల మీద, దూలం నుంచి వేలాడుతూ ఒక దీపం. దోసెడు కంటే కాస్త పెద్ద కొయ్యగిన్నె బోర్లించినట్టు ఉంటుంది. దాని అడుగున నాలుగు రంధ్రాలు. బల్బు వెలిగితే ఆ రంధ్రాల్లోంచి నాలుగు వెలుగు చుక్కలు పైకప్పు మీద పడతాయి.

"ఎక్కడ కొన్నారండీ ఇది?" అని అడిగేవారు.

ఆ ప్రశ్న వచ్చేసరికి నాగేశ్వరయ్య ఏదో పని గుర్తొచ్చినవాడిలా కిటికీ వైపు నడిచేవారు. భోజనానికి కూర్చున్నా దీపానికి వీపు పెట్టే కుర్చీలోనే కూర్చునేవారు. కోడలు గమనించింది. మామగారికి వెలుగు కంట్లో పడుతోందేమో అనుకుని మరుసటి రోజు చిన్న బల్బు మార్చింది. ఆయన కుర్చీ మార్చలేదు.

అది దీపం కాదు, జడ్డిగం. విత్తనం గొర్రు మీద నిలబెట్టే కొయ్యగిన్నె. గొర్రును ఎద్దులు లాగుతుంటే, వెనక నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలను కొంచెం కొంచెంగా ఈ గిన్నెలోకి జారవిడుస్తుంది. గిన్నె నడుమ చిన్న గుబ్బ ఉంటుంది. గింజలు దాని మీద పడి నాలుగు పక్కలకూ విడిపోయి, నాలుగు రంధ్రాల గుండా వెదురు గొట్టాల్లోకి జారి, నాలుగు సాళ్లలో పడతాయి. ఇదంతా నాగేశ్వరయ్యకు తెలుసు. ఆ జడ్డిగం ఎవరిదో కూడా తెలుసు.

ఉరవకొండ అవతల పల్లె నుంచి దాసప్ప, అతని భార్య మారెక్క మండీ నడిచినన్నాళ్లూ ఏటా పంట ఇక్కడికే తెచ్చేవారు. రెండువేల మూడులో, వరసగా వానలు తప్పిన ఏడు, ఇంటికి తాళం వేసి బెంగుళూరుకు కూలిపనులకు బయల్దేరారు. బస్సెక్కే ముందు మారెక్క ఈ గిన్నెను తువ్వాలులో చుట్టి తెచ్చింది. గొర్రు దూలాన్ని, కర్రులను పక్కింటి పశువుల కొట్టంలో పెట్టింది కానీ దీన్ని పెట్టలేదు. దీపం పెట్టని ఇంట్లో జడ్డిగం ఉండకూడదని వాళ్లలో ఒక పట్టింపు. తాళం వేసిన ఇంట్లో పెట్టి పోతే నేల అలుగుతుందట. ఆమె అత్త, ఆమె అత్త అత్త చేతులు పడి లోపలంతా నున్నగా అరిగిన గిన్నె అది.

నాగేశ్వరయ్య భార్య వరలక్ష్మమ్మ రెండు చేతులా అందుకుంది. పసుపు దారం కట్టి మిద్దె మీది దూలానికి వేలాడదీసింది. రోజూ పొద్దుగూకే ముందు దేవుడి గూట్లో దీపం వెలిగించి, అదే దీపం తీసుకుని మెట్లెక్కి ఒకసారి జడ్డిగానికి చూపించి దిగేది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. "ఎందుకే ఈ ఎక్కడం దిగడం?" అంటే, "మాట ఇచ్చినా కదా" అనేది. ఆమె పోయి రెండేళ్లు. కొన్నాళ్లు ఆయనా దీపం చూపించారు. తర్వాత మానేశారు.

పోయిన సంక్రాంతి దాటాక లావణ్య మిద్దె శుభ్రం చేయిస్తూ ఆ గిన్నెను దించి తెచ్చింది.

"మామయ్యా, ఏమిటిది? ఎంత బాగుందో!"

ఆయన చెప్పారు. గుబ్బ ఎందుకో, రంధ్రాలు ఎందుకో, ఆడమనిషి పిడికిలి ఎట్లా పట్టాలో చేయి తిప్పి మరీ చూపించారు. కోడలు కింద కూర్చుని కళ్లు పెద్దవి చేసుకుని వింది. కొడుకు కూడా ఫోను పక్కన పెట్టాడు. భార్య పోయిన తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా ఆయన మాట అంతసేపు వినడం అదే మొదలు. బి.కాం. చదివి, నలభై ఏళ్లు మండీ నడిపిన మనిషికి, తన దగ్గర ఇంకా చెప్పడానికి ఏదో ఉందని ఆ పూట అనిపించింది.

"దీన్ని దీపం చేస్తే? భోజనాల బల్ల మీద?" అంది లావణ్య. అని, ఆగి, "ఎవరిది మామయ్యా ఇది?" అని అడిగింది.

"ఎవరిదో పాతది. ఎవరూ రారులే" అన్నారాయన.

అబద్ధమని మాట నోరు దాటాక తెలిసింది. వెనక్కి తీసుకోవడానికి అప్పుడు ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో లావణ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆయన తీసుకోలేదు.

* * *

జూన్ మూడో వారం, ఆదివారం సాయంత్రం వాన పడింది. చినుకులు కాదు, చూరుల వెంట ధారలు. సోమవారం పొద్దున బజారంతా ఎర్రనీళ్ల గుంటలు. నాగేశ్వరయ్య మండీ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వానకు మనసు తేలికపడాలి. కానీ ఆయన కళ్లు పొద్దున్నుంచీ బస్టాండు దారి వైపే పోతున్నాయి. విత్తడానికి నేల పదును అయింది, పల్లెల్లో అందరూ గొర్రులు దించుతారు.

పది గంటలకు మెట్ల దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

"శెట్టన్నా, బాగుండావా?"

తలెత్తారు. ఎండిన మొహం, నెరిసిన జుట్టు, చంకలో సంచి.

"మారెక్కా!"

"గుర్తుండానే! మా ఊర్లో కుక్కలు గూడా గుర్తుపట్టక ఎంటపడె. బెంగుళూరు సిమెంటు దుమ్ముకు ఈ రంగైతి." నవ్వుతూ లోపలికి తొంగిచూసింది. "అమ్మ యాడ? పూజలో ఉండాదా?"

ఆయన లేచి నిలబడ్డారు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"లేదు మారెక్కా. పోయి రెండేళ్లయింది. గుండె నొప్పి వచ్చె. ఆస్పత్రికి పోయేలోపలే."

మారెక్క అట్లాగే మెట్టు మీద కూలబడింది. సంచిని ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "గాజులు తెచ్చినా అమ్మకి. పచ్చవి" అంది. "ముత్తైదువగానే పోయిందిలే. మహాతల్లి." తర్వాత ఆయన వైపు చూసింది. "నువ్వు ఒగనివే అయితివి. ఏళకు తింటాండావా?"

"కోడలు బాగా చూసుకుంటుంది" అన్నారు.

"అంతే సాలు." మారెక్క ఒక నిట్టూర్పు విడిచి లేచింది. "నాలుగేండ్ల వాన నిన్న ఒక్కనాడే పడినాది శెట్టన్నా. మా ఆయప్ప పొద్దున్నే గొర్రు దించి కర్రులు బిగిస్తాండాడు. చౌడప్ప బాడుగ ఎద్దులు రేపు ఒక్కనాడే మాకి, ఎల్లుండి ఇంకోరికి. పదును యాడ ఆగుతాది, మూడు నాళ్లు ఎండ కాస్తే పాయె. ఆ జడ్డిగం ఇస్తే పన్నెండు గంటల బస్సుకు పోతా."

"ఊళ్లో ఇంకెవరిదైనా లేదా?"

"ఈ మూడు నాళ్లు జడ్డిగం ఎవరిస్తారప్పా? అందరూ ఇత్తేదే గదా." ఆమె వింతగా చూసింది. "ఏం, లేదా ఏంది?"

"ఉంది, ఉంది. మిద్దె అంతా మార్చినాము. యాడ పెట్టినామో వెదకాల. రేపు..."

"రేపెట్ల? నువ్వు వెదుకు, నేను ఈడ్నే కూర్చుంటా. అమ్మ దూలానికి కట్టింటాది. వెదికేదేముండాది?"

* * *

మిద్దె మీద లావణ్య పూలు సర్దుతోంది. ఒంటిగంటకు బెంగుళూరు నుంచి ముగ్గురు భోజనానికి వస్తున్నారు. పెద్ద హోటలుకు బండలు కావలసినవాళ్లు. భరత్ కిటికీ దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. దీపం వెలుగుతోంది, పట్టపగలే.

నాగేశ్వరయ్య నేరుగా దాని దగ్గరికి పోయి చెప్పారు. దాన్ని తీసివ్వాలని, దాని మనిషి కింద కూర్చుని ఉందని.

"ఇప్పుడా నాయనా?" భరత్ ఫోను మూసి వచ్చాడు. "వచ్చేవాళ్లకు ఈ బల్ల ఫోటోనే పంపినాను. ఆమెకు కొత్తది చేయిద్దాము. రెండు రోజుల్లో ఇస్తాడు ఆచారి."

"రెండు రోజులకు పదును పోతుందిరా."

లావణ్య చేతిలో పూలు అట్లాగే ఉన్నాయి. "మీరు ఎవరిదీ కాదన్నారు కదా మామయ్యా?" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగానే అర్థం కాక అడిగింది.

"అబద్ధం చెప్పినాను తల్లీ. ఎవరిదో నాకు అప్పుడే తెలుసు."

భరత్ ఏదో అనబోయాడు. లావణ్య పూలు బల్ల మీద పెట్టి, పోయి స్విచ్చి తీసి, స్టూలు లాక్కుంది. చీర కుచ్చెళ్లు దోపుకుని పైకెక్కి, కొక్కెం విప్పి, తీగ ఊడదీసి, గిన్నెను రెండు చేతులా ఆయనకు అందించింది. ఆ అందించడం చూస్తే వరలక్ష్మమ్మ గుర్తొచ్చింది.

"నడుమ ఇది తొలిపించినాము కదా మామయ్యా," అంది స్టూలు మీదనుంచే, నెమ్మదిగా. "ఫరవాలేదా?"

ఫరవా ఉంది. తీగ పోవడానికి సరిగ్గా గుబ్బ ఉన్నచోటే బొటనవేలంత రంధ్రం పెట్టారు. గుబ్బ లేదు. గింజలు నాలుగు పక్కలకూ పంచే చోటే బొక్క. లోపలంతా వార్నీషు, మూడు తరాల చేతుల నునుపు దాని కింద ఎక్కడో ఉంది.

ముందు మెట్ల మీద మారెక్క కూర్చుని ఉంది. ఆయన గిన్నెను కండువాలో చుట్టి వెనక మెట్లు దిగారు. చేస్తున్నదేమిటో తెలుస్తూనే ఉంది. ఆమె చూడకముందే బాగు చేయించి, ఏమీ జరగనట్టు చేతిలో పెట్టేయాలి. అరవై ఏడేళ్ల మనిషి, సొంత ఇంట్లోంచి దొంగలా గోడ పట్టుకుని దిగుతున్నాడు.

రెండు సందుల అవతల ఓబుళేసు ఆచారి కొట్టం. మిద్దె కొయ్యపని అంతా చేసింది అతనే. గిన్నె చూడగానే చేతిలో బాడిసె కింద పెట్టాడు.

"నాకు తెలుసు శెట్టీ, ఇది ఎనక్కి వస్తాదని."

"మూసేయి ఓబుళేసూ. తెలియకుండా మూసేయి. ఒక గంటలో."

"తెలీకుండానా?" ఆచారి గిన్నెను వెలుగులోకి ఎత్తి ఆ రంధ్రం గుండా ఆయన వైపు చూశాడు. "ఆ పొద్దు నిన్ను అడిగినా. కుంకుమ గుర్తులుండాయి, పసుపు దారముండాది, తొలవమంటావా అని. నువ్వు తలకాయూపితివి. ఊపినావా లేదా?"

"ఊపినాను."

"చేవ బిరడా కొట్టి, గుబ్బ మాదిరి చెక్కొచ్చు. కానీ కొలత ఆ ఇత్తే మనిషి చేతిది. ఆయమ్మ గింజ ఇడిచి సూడల్ల, నేను చెక్కల్ల. సొంతదారు లేకుండా నేను దీని మీద ఉలి పెట్టను. మునుపు పెట్టిందే సాలు."

అతనికి కోపం లేదు. ఒక స్టూలు ఆయన వైపు జరిపి, "నీళ్లు తాగి పో" అని చెంబు అందించాడు. నాగేశ్వరయ్య తాగారు. గిన్నెను మళ్లీ కండువాలో చుట్టుకుని లేచారు.

* * *

అరుగు మీద మారెక్క లేదు. పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎండెక్కిందని లావణ్య ఆమెను మిద్దె మీదికి పిలిచి భోజనం పెట్టిందట. మారెక్క కుర్చీ వద్దని నల్లబండ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పక్కన ఖాళీ పళ్లెం. లావణ్య ఆమె ఎదుట కూర్చుని చేయి చాపింది. వరలక్ష్మమ్మ కోసం తెచ్చిన పచ్చగాజులను మారెక్క ఒక్కొక్కటే, చేతివేళ్లు నొక్కిపట్టి, కోడలి చేతికి ఎక్కిస్తోంది.

"మెత్తని చెయ్యి. పగలవులే, భయపడొద్దు." గాజు ఎక్కిస్తూ గోడలు చూసింది. "ఇల్లు ఇంకా ముగిసినట్టు లేదే తల్లీ? గోడలకు గార పూయకనే చేరినారే? నేనూ మా ఆయప్పా బెంగుళూర్లో నాలుగేండ్లు చేసింది ఆ పనే. ఒక్క మాట చెప్పింటే వచ్చి పూసిపోతా ఉంటిమి."

లావణ్య నవ్వింది. భరత్ కూడా అటు తిరిగి నవ్వు దాచుకున్నాడు. ఆ నవ్వు మధ్యలోకి నాగేశ్వరయ్య కండువా మూటతో వచ్చి నిలబడ్డారు.

మారెక్క కళ్లు మూట మీద పడ్డాయి. "దొరికినాదా! నేను చెప్తి గదా, యాడికి పోతాదని."

ఆయన ఆమె ఎదుట నేల మీద కూర్చున్నారు. కండువా విప్పి గిన్నెను మధ్యలో పెట్టారు.

"దీన్ని నేను దీపం చేయనిచ్చినాను మారెక్కా. నీదని తెలిసే. పిల్లలకు తెలియదు, వాళ్లడిగితే ఎవరిదీ కాదని చెప్పినాను. ఆచారి తొలవమంటావా అంటే తొలవమన్నాను. ఇప్పుడు గూడా నీకు కనపడకుండా బాగు చేయించాలని పోతిని. అతడు ఒప్పుకోలేదు."

మారెక్క గిన్నెను చేతిలోకి తీసుకుంది. లోపల చేయి పెట్టి రాసింది. వార్నీషుకు వేళ్లు జారాయి. నడుమ రంధ్రంలో చూపుడువేలు పెట్టింది. అది కింద నుంచి బయటికి వచ్చింది.

"గుబ్బ పాయె" అంది.

ఆపైన తల ఎత్తి దూలం నుంచి వేలాడుతున్న ఒట్టి తీగను చూసింది. ఆ చోటు ఆమెకు తెలుసు. వరలక్ష్మమ్మ కట్టింది ఆ దూలానికే.

"దీపముండే ఇంట్లో పెట్టమని ఇస్తి. దీపమే చేస్తివా శెట్టన్నా?"

ఎవరూ నవ్వలేదు. లావణ్య చేతికి ఎక్కించుకున్న గాజులను తీయబోయింది.

"ఏయ్, తీయొద్దు. నీకేసింది నీదే. నువ్వేం చేస్తివి?" మారెక్క ఆమె చేయి పట్టి ఆపింది. మళ్లీ ఆయన వైపు తిరిగింది. "అమ్మకు తెలుసునా ఇది?"

"లేదు. ఆమె పోయినాక."

"అంతే అనుకుంటి."

ఆ రెండు మాటలకంటే తిట్టి ఉంటే బాగుండేది. మారెక్క గిన్నెను చంకలో పెట్టుకుని లేచింది.

"ఆచారి యాడుంటాడో చూపించు. బస్సు పోతే పోనీ, రెండు గంటలకు ఇంకోటుండాది."

భరత్ తండ్రి చేయి పట్టి నేల మీదనుంచి లేపాడు. లేపి వెంటనే వదల్లేదు. మెట్ల దాకా అట్లాగే పట్టుకుని నడిచాడు. ఆ పట్టుకోవడం నాగేశ్వరయ్యకు చాలాకాలం గుర్తుండిపోయింది.

* * *

ఓబుళేసు తుమ్మచేవ ముక్క ఏరి బిరడా చెక్కి రంధ్రంలో దిగ్గొట్టాడు. లోపలి వార్నీషు గీకేశాడు. బిరడా తలను కొంచెం కొంచెంగా గుబ్బలా చెక్కుతూ, ప్రతిసారీ గిన్నెను రెండు రాళ్ల మీద నిలబెట్టాడు. మారెక్క కొంగుముడి విప్పింది. అందులో గుప్పెడు విత్తనం గింజలు ఉన్నాయి. ఆమె నిలబడి, పిడికిలి బిగించి, నాలుగు వేళ్ల సందులోంచి గింజలు వదిలింది. నాలుగు రంధ్రాల కిందా నాలుగు కుప్పలు. మూడు ఒకేలా పడ్డాయి, నాలుగోది చిన్నది.

ఆచారి చెక్కాడు. మళ్లీ వదిలింది. మళ్లీ చిన్నది. కింద పడిన గింజలను నాగేశ్వరయ్య ఏరి ఆమె చేతికి అందించారు. తొమ్మిది సార్లు ఏరారు.

"ఇంక ముట్టుకుంటే చెడుతాది తల్లీ" అన్నాడు ఓబుళేసు చివరికి. "పాత గుబ్బ చేతులకు అరిగి అరిగి అయింది. ఉలితో రాదు. నీ చేత్తోనే సర్దుకోవల్ల."

"సర్దుకుంటాలే. నాలుగేండ్లు సిమెంటు తట్టలు మోసి చెయ్యి యాడికి పోయిందో ఏమో, చూస్తాము."

బస్టాండులో ఆమె జడ్డిగాన్ని తువ్వాలులో చుట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. నాగేశ్వరయ్య జేబులోంచి చిన్న పొట్లం తీశారు. దారిలో కొన్న కుంకుమ.

"వద్దు శెట్టన్నా. ఇంటికి పోయి నేనే పెట్టుకుంటా." బస్సు కదిలేముందు కిందికి వంగి చూసింది. "ఒక మాట. మళ్లా వానలు చెడి, మేము మళ్లా యాడికన్నా పోవాల్సొస్తే దీన్ని నీ ఇంట్లో పెట్టను. మనసులో పెట్టుకోవద్దు."

"పెట్టద్దు మారెక్కా" అన్నారాయన.

బస్సు పోయింది. కుంకుమ పొట్లం జేబులో పెట్టుకుని ఇంటికి నడిచారు. మిద్దె మీద బెంగుళూరు వాళ్లు ఒట్టి తీగ కింద కూర్చుని భోంచేసి పోయారట. దీపమేదని అడిగితే, విత్తడానికి పోయింది అని చెప్పిందట లావణ్య.

* * *

పదకొండు రోజులు ఆగారు. పన్నెండో రోజు ఎవరికీ చెప్పకుండా ఉరవకొండ బస్సెక్కారు. అక్కడినుంచి ఆటో, ఆపైన నడక. నడుమ ఒకరోజు జల్లు పడింది. ఎర్రనేల ఇంకా మెత్తగానే ఉంది.

దాసప్ప చేను ఎవరిని అడిగినా చూపిస్తారు. కానీ అడగనక్కర లేకపోయింది. గట్టు మీద నిలబడగానే తెలిసింది. మూడు సాళ్లు ఒత్తుగా, రెండేసి జతల ఆకులతో, పచ్చగా. నాలుగోది అక్కడక్కడా. మళ్లీ మూడు ఒత్తుగా, నాలుగోది పలచన. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఐదెకరాలూ, ప్రతి నాలుగో సాలూ అంతే. గొర్రు ఎన్నిసార్లు తిరిగిందో అన్నిసార్లు ఆయన చేసిన పని నేల మీద గీసి ఉంది.

ఎంతసేపు అట్లా నిలబడ్డారో.

"ఏమప్పా శెట్టన్నా! సాళ్లు లెక్కపెట్టేకి వచ్చినావా?"

చేను నడుమ మారెక్క వంగి ఉంది. పక్కన దాసప్ప. ఇద్దరి చేతుల్లో మొనదేలిన కట్టెలు, నడుముకు కట్టిన గుడ్డల్లో గింజలు. మొలవని చోట గుంట పొడిచి మళ్లీ వేస్తున్నారు.

ఆయన చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగారు. "నాలుగో సాలు..." అన్నారు.

"కండ్లుండాయి మాకి గూడా" అంది మారెక్క. "చెయ్యి సర్దుతానే ఉండినా. ఒక్కోసారి మరుస్తా ఉంటి. నలభై ఏండ్ల అలవాటు గదా, గుబ్బ ఉండాదనే అనుకుంటాది చెయ్యి."

నాగేశ్వరయ్య చేయి చాపారు. "నాకూ ఇయ్యి గింజలు."

"నీకెందుకన్నా ఈ పని?" దాసప్ప కంగారుపడ్డాడు. "మోకాళ్లు పడిపోతాయి. పోయి ఆ చెట్టు కింద కూర్చో, నీళ్లు తెస్తా. ఏమే, చెప్పవేమే శెట్టికి?"

మారెక్క ఒక్క క్షణం ఆయనను పైనుంచి కింది దాకా చూసింది. ఇస్త్రీ పంచె, తెల్లంగీ, బురద అంటిన పాదాలు. గుడ్డలోంచి గుప్పెడు గింజలు తీసి ఆయన పంచె కొంగులో పోసింది. తన చేతి కట్టె ఆయన చేతికిచ్చింది.

"వెయ్యనీ" అంది మొగుడితో. "నాలుగో సాలు ఆయప్పదే గదా."

దాసప్ప తన కట్టె ఆమెకు ఇచ్చి నీళ్లు తేవడానికి పోయాడు.

నాగేశ్వరయ్య కూర్చున్నారు. ఒక మొలక, తర్వాత జానెడు ఖాళీ. కట్టెతో పొడిచి, గింజ వేసి, మన్ను కప్పారు. గొంతుక్కూర్చునే ముందుకు జరిగారు. మళ్లీ ఖాళీ. పొడిచి, వేసి, కప్పారు. ఎండ వీపు మీద పడుతోంది. పక్క సాలులో మారెక్క నీడ ఆయనతో సమంగా కదులుతోంది.

"ఒగటి కాదు," అంది మారెక్క, ఆయన చేతి వైపు చూసి. "రెండెయ్యి. చీమలుండాయి."

ఆయన మూసిన గుంటను మళ్లీ తెరిచారు. ఇంకో గింజ వేశారు. ఎదుట సాలు చాలా పొడుగుంది.